నాయనమ్మ సాలగ్రామం, ఎవరెస్టు ఎత్తు

మా నాయనమ్మ దేవుడి గదిలో ఇత్తడి పళ్లెంలో నల్లటి సాలగ్రామం ఒకటి ఉండేది, ముట్టుకుంటే చేతి మీద ఒక్కటేసేది. తాతయ్య ముక్తినాథ్ యాత్రకెళ్లినప్పుడు తెచ్చారట. దాని మీదున్న చక్రం నిజానికి కోట్ల ఏళ్ల నాటి సముద్రజీవి గుల్ల ముద్ర అని, దాన్ని అమ్మోనైట్ అంటారని డిగ్రీలో తెలిసి సంబరంగా ఆవిడకి చెబితే, "ఆయన ఉండేది పాల సముద్రంలోనేగా, ఇందులో వింతేముందిరా" అంది.

వింతేంటంటే, ఆ రాయి దొరికేది నేపాల్లోని కాళీ గండకీ లోయలో. అటు ధౌలగిరి, ఇటు అన్నపూర్ణ, రెండూ 8 వేల మీటర్లు దాటినవే, వాటి మధ్య నుంచి పారే నది అది. అంతెందుకు, ఎవరెస్టు కొన కూడా సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయే!

"రెండు ఫలకాలు ఢీకొన్నాయి, హిమాలయాలు పుట్టాయి" అని బళ్లో ఒక్క ముక్కలో తేల్చేశారు (ఫలకాలంటే నేలని మోసే పెద్ద పెద్ద రాతి పలకలు), నేనేమో లారీలు గుద్దుకున్నట్టు ఊహించుకున్నాను. అసలు జరిగింది వేరే. మన నేల ఉత్తరానికి జరుగుతూ ఉంటే మధ్యలో ఉన్న టెథిస్ సముద్రపు అడుగు బరువైన రాయి కాబట్టి ఆసియా కిందికి దిగిపోతూ వచ్చింది, అది అయిపోయి సుమారు 5 కోట్ల ఏళ్ల క్రితం ఖండానికి ఖండమే వచ్చి తగిలింది, ఖండం రాయి తేలిక, అంత తేలిగ్గా మునగదు, ఇక చేసేదేముంది, గోడకేసి తోసిన బొంతలా మడతలు పడి, పగిలి, ముక్క మీద ముక్క ఎక్కింది.

నాకు బాగా నచ్చేది దీని తర్వాతి సంగతి. అలా పేర్చుకుని పేర్చుకుని టిబెట్ కింద భూమి పైపొర దాదాపు 70 కిలోమీటర్ల మందమైంది, మామూలు ఖండాల కింద ఉండేదానికి రెట్టింపు. చెరువులో లావుపాటి దుంగ సన్నదానికంటే నీళ్లలోకి ఎక్కువ దిగుతుంది, పైకీ ఎక్కువ తేలుతుంది చూడండి, అదే లెక్క. కొండ ఎత్తంతా కింద మనకి కనిపించని వేరు మీద తేలుతున్నట్టే.

ఆ తోపుడు ఇంకా ఆగలేదు, ఏడాదికి 4, 5 సెంటీమీటర్లు. కాకపోతే నున్నగా జారదు, పట్టేసుకుని ఉండి ఒక్కసారిగా వదులుతుంది. 2015 ఏప్రిల్ 25న నేపాల్ భూకంపంలో కాఠ్‌మాండూ దగ్గర నేల సుమారు ఒక మీటరు పైకి లేచింది, ఉత్తరాన ఉన్న పెద్ద కొండలు మాత్రం కొంత కిందికి దిగాయి! ఆ తర్వాత నేపాల్, చైనా మళ్లీ కొలిచి 2020 డిసెంబరులో ఎవరెస్టు ఎత్తు 8,848.86 మీటర్లని ప్రకటించాయి. మావాడి పుస్తకంలో ఇంకా 8,848 అనే ఉంది.