లక్క గాజులు, నలుపు తెలుపులో

"గాజుల్ని బ్లాక్ అండ్ వైట్‌లో తీస్తావా? బుద్ధుందా?" అంది మా అక్క.

అడగాల్సిన ప్రశ్నే. చార్మినార్ నుంచి పడమటికి నాలుగడుగులు వేస్తే లాడ్ బజార్, అక్కడున్నదంతా రంగే. కానీ నాకు కావలసింది దుకాణాలు కాదు, గల్లీల్లో ఇళ్ల దగ్గర ఆ గాజులు చేసేవాళ్లు. ముందు ఫోన్‌తో తీసి చూశాను. ఏ ఫొటో చూసినా కన్ను నేరుగా పోయి గులాబీ గాజుల మీద వాలుతోంది. మనిషి ఆనడం లేదు. అందుకే నాన్న పాత కెమెరా, 50 ఎంఎం లెన్సు దులిపి, ఇల్ఫోర్డ్ హెచ్‌పీ5 అనే బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ రోల్స్ కొన్నాను.

మొదటి మూడు వారాలు కెమెరా సంచిలోనే ఉంది. ఒక దుకాణం చాచా తనకు సరుకిచ్చే ఇంటికి తీసుకెళ్లాడు. ఒకటే గది, ఒక కిటికీ, ఒక బల్బు. కుంపటి మీద లక్క మెత్తబడుతుంటే ఆ ఇంటి పెద్దాయన దాన్ని చెక్క పలక మీద దొర్లించి సాగదీసేవాడు. కొలతకి కోసి, కొసలు కలిపి గుండ్రం చేసేవాడు. రాళ్లు పొదగడం మాత్రం ఆ ఇంటి పెద్దావిడ పని, నేను ఖాలా (పిన్ని) అని పిలిచేదాన్ని. లక్క వేడి మీద ఉండగానే ఒక్కో రాయీ తీసి అద్దాలి. చల్లారితే మళ్లీ కుంపటి దగ్గరికి. ఆమె బొటనవేలి పక్కన చర్మం గట్టిపడి, మెరుస్తూ, అచ్చం లక్కలాగే ఉంది. 2024లో హైదరాబాద్ లక్క గాజులకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది కదా అంటే ఖాలా తలెత్తలేదు. "రాళ్ల డబ్బా ఇటు జరుపు బేటీ" అంది. నాలుగోసారి వెళ్లినప్పుడు ఆమే అడిగింది, ఇంతకీ ఫొటో ఎప్పుడు తీస్తావని.

ఆ కాస్త వెలుతురుకి, తక్కువ వెలుతురులోనూ పనిచేసే 400 ఫిల్మ్ అయినా, లెన్సు బాగా తెరిచి (ఎఫ్2), షట్టర్ సెకనులో 30వ వంతు సేపు తెరిచి ఉంచాలి. అంతసేపు చేయి కదలకూడదు. గుమ్మానికి భుజం ఆనించి ఊపిరి బిగపట్టాల్సిందే. పైగా ఇంకో తిరకాసు: ఎరుపు, ఆకుపచ్చ గాజులు పక్కపక్కన ఉంటే ఫిల్మ్ మీద రెండూ దాదాపు ఒకే బూడిద రంగు. లెన్సుకి ఫిల్టర్ పెడితే తేడా తెలుస్తుంది, కానీ ఉన్న కాస్త వెలుతురునీ అది తినేస్తుంది. వదిలేశాను.

అసలు టెన్షన్ ఇంట్లో, ఫిల్మ్ కడిగేటప్పుడు మొదలైంది. ఏప్రిల్ నెల. ఫిల్మ్‌ని చీకటి సంచిలో చేతులు పెట్టి, కళ్లు మూసుకున్నట్టే, ప్లాస్టిక్ రీలుకి ఎక్కించాలి. ఐదు నిమిషాలకే సంచి లోపల చేతులకి చెమట. తడి తగిలితే ఫిల్మ్ రీలు గాడిలో ఇరుక్కుంటుంది, ముందుకీ పోదు, వెనక్కీ రాదు. నేను బలంగా తోశాను. కడిగి తీశాక చూస్తే రెండు చుట్లు ఒకదానికొకటి అతుక్కుని, అంటుకున్న చోట మందు చేరక మచ్చలు. ఖాలా నవ్విన ఒకే ఒక్క ఫ్రేములో ముఖం మీదే మచ్చ. ఆ రాత్రి అన్నం సయించలేదు.

తర్వాతి రోల్స్ తెల్లవారుజామున నాలుగింటికి, చేతులకి పౌడర్ రాసుకోకుండా (రాసుకోమని ఎవరో చెప్పారు, ఆ దుమ్మంతా ఫిల్మ్ మీదికే వస్తుంది), ఊరికే బాగా తుడుచుకుని ఎక్కించాను. ఫిల్మ్ మీద బొమ్మ తేల్చే డీ-76 మందు 20 డిగ్రీల్లో ఉంటే, అందులో ఫిల్మ్‌ని ఏడున్నర నిమిషాలు ఉంచాలి. మా ట్యాంకు నీళ్లు పొద్దున్నే గోరువెచ్చగా ఉంటాయి. మందు సీసాని ఐస్ ముక్కల బకెట్లో ముంచి, థర్మామీటర్ పట్టుకుని కూర్చోవడమే. చివరికి నెగటివ్‌లు బాత్‌రూమ్ తీగకి బట్టల క్లిప్పులతో వేలాడదీస్తే, అక్క స్నానానికి వెళ్లలేక తిట్లు.

36 ఫ్రేముల్లో రెండు నిలబడితే గొప్ప. స్కాన్ చేసి ఒక స్టూడియోలో ప్రింట్ వేయిస్తే కలర్ కాగితం మీద వేసి ఇచ్చారు, ఫొటో అంతా లేత ఆకుపచ్చగా వచ్చింది. "కలర్ కరెక్షన్ చేయమంటారా మేడమ్?" అని అడిగాడు కుర్రాడు. లేని రంగుని ఏం సరిచేస్తాడో! రెండోసారి వేరే చోట, మామూలు ఇంకు ప్రింటు వేయించాను.

ఖాలా ఫొటోని కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు చూసింది. "సబ్ రంగ్ కిధర్ గయే బేటీ?" అంది. రంగులన్నీ ఎక్కడికి పోయాయని. ఏం చెప్పాలో తెలియక నీళ్లు నమిలాను. ఆమె నా జవాబు కోసం ఆగలేదు. నాకు ఒకే బూడిద రంగుగా కనబడుతున్న రెండు గాజుల మీద వేలు పెట్టి, "ఇది ఎరుపు, ఇది పచ్చ" అంది. ఎలా తెలిసిందంటే, ఎరుపు వాటికి రాళ్లు రెండు వరసలు అద్దిందట, పచ్చ వాటికి ఒకటే.

ఫొటో అలమరాలో పెట్టి, మనవణ్ణి నా ముందుకు తోసింది. స్కూలు ఫారానికి ఒక ఫొటో కావాలట. ఇది మాత్రం కలర్‌లో తీయమంది.