ఆయాసంలో తీసిన థైరాయిడ్ రిపోర్టు

మాది నకిరేకల్ దగ్గర పల్లె. బీడీ, చుట్ట ఎన్నడూ ముట్టలేదు. కానీ గ్యాసు వచ్చేదాకా పత్తికట్టె పొయ్యి మీదనే వంట. ఆ పొగే ఊపిరితిత్తులను తినేసిందని, దీన్ని సీఓపీడీ అంటారని డాక్టర్లు చెప్పారు.

పోయిన చలికాలం జలుబుతో మొదలై దమ్ము ముదిరింది. నల్లగొండలో ఒక ఆసుపత్రిలో చేర్చారు. నెబ్యులైజర్, స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, సెలైన్లు అన్నీ మామూలే. ఆ రాత్రి మాత్రం మరిచిపోలేను. పడుకుంటే ఊపిరి అందదు. దిండు ఒళ్లో పెట్టుకుని, దాని మీద మోచేతులు ఆనించి ముందుకు వంగి కూర్చున్నాను. ‘నీళ్లు’ అనడానికి కూడా ఆగి ఆగి అనాల్సి వచ్చింది. ఊపిరి ఆడేలా గాలి తోసే బైపాప్ మిషన్ మాస్క్ బిగించగానే ముక్కూ నోరూ మూసి చంపుతున్నారనిపించి పీకేశాను. సిస్టరమ్మ కసురుకోలేదు. పట్టీ కొంచెం వదులు చేసి, "మిషన్ గాలి తోసినప్పుడు పీల్చమ్మా, నేనూ నీతోపాటు పీలుస్తా" అంటూ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆ తల్లి పిల్లలు చల్లగా ఉండాలి.

తెల్లారి రౌండ్స్‌కు వచ్చిన డాక్టరు నా వైపు చూడనే లేదు. రిపోర్టు తిరగేసి మా అబ్బాయితో, "ఊపిరితిత్తులు ఎట్లాగూ పోయినయి, ఇప్పుడు థైరాయిడ్ కూడా పోయింది. బతికినన్నాళ్లు మాత్ర వేయాల్సిందే" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను, నాకు చెవులు వినబడతాయి! చచ్చేదాన్ని ముందు పెట్టుకుని మాట్లాడినట్టే మాట్లాడాడు. ఆ మాట ఇప్పటికీ కడుపులో రగులుతూనే ఉంది.

టీ3 అనే థైరాయిడ్ హార్మోన్ తగ్గిందని థైరాక్సిన్ మాత్ర రాశాడు. ఇంటికొచ్చాక ఒకటే గుండెదడ, చేతులు వణుకు, నిద్ర పట్టదు. టెన్షన్‌తో మా అబ్బాయి హైదరాబాద్‌లో ఛాతీ డాక్టరమ్మకు చూపించాడు. ఆమె పాత రిపోర్టులన్నీ వరుసగా పెట్టి చూసింది. జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు ఒళ్లు టీ4 అనే ఇంకో థైరాయిడ్ హార్మోన్‌ను టీ3గా మార్చడం తగ్గిస్తుందట, గ్రంథి చెడకపోయినా టీ3 పడిపోతుందట. థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే టీఎస్‌హెచ్ అనే హార్మోన్‌ను స్టెరాయిడ్లు కూడా కిందికి దించుతాయట. "దీనికి మాత్ర అక్కర్లేదమ్మా. ఒళ్లు కుదుటపడ్డాక ఆరు వారాలకు మళ్లీ చూద్దాం" అని ఆపించింది. అప్పటికి అన్నీ నార్మల్‌కు వచ్చాయి. చెర్వుగట్టు రామలింగేశ్వరుడికి మొక్కు తీర్చుకున్నాను. మెట్లెక్కలేనని కారులోనే తీసుకెళ్లారు.

దమ్ముతో ఆసుపత్రిలో పడ్డవాళ్లకు థైరాయిడ్ మాత్ర కొత్తగా రాస్తే, కోలుకున్నాక మళ్లీ పరీక్ష ఎప్పుడని తప్పకుండా అడగండి. అట్లాగని ఎవరికి వారు మానేయకండి. మా వదినకు టీఎస్‌హెచ్ బాగా పెరిగి, నిజంగానే థైరాయిడ్ గ్రంథి మందగించి ఉంది. నన్ను చూసి తనూ ఆపేస్తానంటే గట్టిగా వద్దన్నాను. హార్మోన్ తక్కువైతే ఊపిరి తీసే కండరాలు కూడా నీరసిస్తాయని డాక్టరమ్మ చెప్పిన మాటే ఆమెకు చెప్పాను. ఇప్పుడు పరగడుపున మాత్ర వేసుకుని, అరగంట దాకా చాయ్ ముట్టడం లేదు.