మాజీ సైనికుడి ఇంట్లోవాళ్లకు

యుద్ధ జ్ఞాపకాలు వెంటాడి ఆయన పీడకలలో కేకలు వేస్తుంటే భుజం పట్టి కుదపకండి. పూర్తిగా మెలకువ రాకముందే చెయ్యి విసరొచ్చు. అది కోపం కాదు, ఒంటికి అలవాటైన ఆత్మరక్షణ. మంచం కాళ్లవైపు, చెయ్యి అందనంత దూరంలో నిలబడి లైటు వేసి, పేరు పెట్టి పిలవండి. "ఇంట్లోనే ఉన్నావు" అని మెల్లగా చెప్పండి.

చాలామంది పొరబడేది ఇంకోచోట. ఆయన జనంలోకి రాలేకపోతున్నారని ఇంటిల్లిపాదీ బయటికి వెళ్లడమే మానేస్తారు. అప్పటికి ఊరటగానే ఉంటుంది, భయం మాత్రం ముదురుతుంది. డాక్టర్‌తో మాట్లాడి, రద్దీ లేని వేళ పది నిమిషాలతో మొదలుపెట్టండి.

పిల్లలకు "నీ తప్పేం లేదు" అని విడమరిచి చెప్పాలి. లేకపోతే తమనే నిందించుకుంటారు. తోడున్నవాళ్లకూ కంటినిండా నిద్ర కావాలి, అవసరమైతే వేరే గదిలో.

ఆయన నోట చావు మాటలు వినిపిస్తే, "చనిపోవాలనిపిస్తోందా" అని సూటిగా అడగండి. అడిగితే ఆలోచన పుడుతుందన్నది అపోహ. తుపాకీ, మిగిలిపోయిన మాత్రలు ఆ రోజే ఇంట్లోంచి తీసేయించండి. డాక్టర్ చూసేదాకా ఒంటరిగా వదలకండి.