మూడోసారి రాయాల్సి వస్తే

మూడేళ్లుగా కాగితం ప్లానర్ వాడుతున్నాను. మొదటి ఏడాది అది నన్ను చాలా టెన్షన్ పెట్టింది. పొద్దున్నే 15 పనులు రాసేదాన్ని, రాత్రికి నాలుగైదు పూర్తయ్యేవి. మిగిలినవి చూస్తే బాధేసేది, రెండు రోజులు పుస్తకం తెరవబుద్ధయ్యేది కాదు.

ఇప్పుడు ఏ5 సైజు, రింగులున్నది. వారమంతా రెండు పేజీల్లో కనబడుతుంది. ముందు టైముతో ముడిపడినవి రాస్తాను, మిగిలిన ఖాళీలో మూడు పనులే. పూర్తి కానిదాన్ని మర్నాటి పేజీలో మళ్లీ చేత్తో రాస్తాను. నాకు అసలు మేలు చేసింది ఇదే. ఒకే పనిని మూడోసారి రాయాల్సి వచ్చినప్పుడు చెయ్యి ఆగుతుంది. ఇది నిజంగా నేను చేయాలా? చాలాసార్లు కొట్టేస్తాను. ఫోన్‌లో అయితే అది దానంతటదే రేపటికి జరిగిపోయేది, నేను ఆలోచించేదాన్నే కాదు. అలారాలు మాత్రం ఫోన్‌కే వదిలేశాను, ఆ పని కాగితం వల్ల కాదు.

సగంలో ఆగిన పనులే ఎక్కువ గుర్తుంటాయని 1927లోనే బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రాసింది. పడుకునే ముందు ఐదు నిమిషాలు కూర్చుని అవన్నీ పేజీ మీద పెట్టేస్తే నాకు హాయిగా నిద్ర పడుతోంది.

నిన్న రాత్రి రాసిన చివరి లైను, అమ్మకి ఫోన్. ఇవాళ పొద్దున మొదట చేసింది అదే.