గుడ్ల లెక్క బాగున్నప్పుడే దాణా చూడాలి

మూడేళ్ల కిందట, ఏప్రిల్ రెండో వారంలో, మా షెడ్డులో మూడో వరుస పంజరంలో ఒక కోడి కాళ్లు చాపుకుని పక్కకు ఒరిగి కనిపించింది. జుట్టు ఎర్రగానే ఉంది, కళ్లు చురుగ్గానే ఉన్నాయి, ముక్కు కారడం గానీ రెట్టలో తేడా గానీ లేదు, కడుపు తడిమితే లోపల గుడ్డు కూడా చేతికి తగిలింది. కానీ రొమ్ము ఎముక వెంట వేలు నడిపితే, తిన్నగా గట్టిగా తగలవలసిన ఆ ఎముక మధ్యలో వంకర తిరిగి ఉంది. నొక్కితే కొద్దిగా లొంగింది. ఆ వారంలో అటువంటివి 11 కోళ్లు తేలాయి. అదే వారం మా పుస్తకంలో ఉత్పత్తి 93 శాతం, అంటే వంద కోళ్లకు రోజుకు 93 గుడ్లు, అని రాసి ఉంది, ఆ అంకె చూసుకుని ఇంట్లో అందరం సంతోషంగా ఉన్నాము.

గోదావరికి ఇవతల అనపర్తి వైపు, అవతల తణుకు వైపు లేయర్ షెడ్లు, అంటే గుడ్లు పెట్టే కోళ్ల షెడ్లు, నడిపేవారిలో ఎవరినైనా దాణా ఎలా ఉందని అడిగితే ట్రేల లెక్క చెబుతారు. నేనూ అలాగే చెప్పేవాణ్ని. ఆ 11 కోళ్ల తరువాత నాకు అర్థమైనదేమిటంటే, దాణాలో లోటు వచ్చిన మొదటి రోజుల్లో కోడి గుడ్డును తగ్గించదు, తన ఒంట్లోంచి తీసి గుడ్డుకు పెడుతుంది; కాబట్టి గుడ్ల లెక్క పడిపోయేసరికి జరగవలసిన నష్టం లోపల ఎప్పుడో జరిగిపోయి ఉంటుంది.

కొంచెం లెక్క వేసి చూద్దాం. 55 గ్రాముల గుడ్డులో పెంకు బరువు సుమారు ఐదున్నర గ్రాములు ఉంటుంది, అందులో కాల్షియం రెండు గ్రాముల పైచిలుకు. కోడి అస్థిపంజరం మొత్తంలో ఉండే కాల్షియం 20 నుంచి 25 గ్రాములు మాత్రమే. అంటే ఒక్క గుడ్డు పెట్టిన ప్రతిసారీ కోడి తన ఎముకల్లో ఉన్నదానిలో పదో వంతుకు సమానమైన సరుకును బయటికి పంపుతుంది, ఏడాదికి 300 గుడ్లు దాటించే నేటి జాతులైతే తమ అస్థిపంజరానికి పాతిక రెట్లకు పైగా కాల్షియాన్ని పెంకుల రూపంలో మనకు అప్పగిస్తాయి. ఇదంతా దాణాలోంచే రావాలి. రోజుకు 110 గ్రాముల దాణా తినే కోడికి ఆ దాణాలో 4 శాతం కాల్షియం ఉంటే 4.4 గ్రాములు అందుతుంది, అందులో సగానికి కాస్త ఎక్కువ ఒంటబడుతుంది కనుక లెక్క సరిపోతుంది.

మా దాణా కాగితం మీద సరిగ్గా 4 శాతమే ఉంది. తప్పు రెండు చోట్ల జరిగింది, రెండూ నావే.

మొదటిది గ్రిట్, అంటే దాణాలో కలిపే సున్నపురాయి ముక్కల, విషయం. గుడ్డు కోడి కడుపులో తయారయ్యే 24, 25 గంటల్లో సుమారు 20 గంటలు పెంకు కట్టే సంచిలోనే గడుస్తుంది, పెంకులో ఎక్కువ భాగం రాత్రి పూట కడుతుంది. రాత్రి దీపాలు ఆర్పాక కోడి ఏమీ తినదు. సాయంత్రం తిన్న కాల్షియం మెత్తటి పొడి అయితే అది తొందరగా కరిగి పేగుల్లోంచి దాటిపోతుంది, అర్ధరాత్రి రెండింటికి పెంకు కట్టే పని జోరుగా ఉన్న వేళ రక్తంలో దొరకదు. రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల ముక్కలుగా ఉన్న గుల్ల గానీ సున్నపురాయి గ్రిట్ గానీ అయితే కందనకాయలో నిలిచి రాత్రంతా కొద్దికొద్దిగా కరుగుతుంది. అది లేనప్పుడు కోడి తన పొడవాటి ఎముకల లోపల ఇందుకోసమే దాచుకునే మెత్తటి ఎముక పొరను కరిగించుకుంటుంది, అదీ చాలకపోతే ఒంటిని నిలబెట్టే గట్టి ఎముక మీద పడుతుంది. ఆ శీతాకాలంలో గ్రిట్ బండి రావడం ఆలస్యమైందని, శాతం ఒకటే కదా అన్న ధైర్యంతో, మొత్తం సున్నపురాయి పొడితోనే దాణా కలిపించాను. తరువాత చచ్చిన ఒక కోడి కందనకాయ కోసి చూస్తే మొక్కజొన్న పిండి తప్ప ఒక్క రాతిముక్క లేదు. శాతం చూసుకున్నాను గానీ, ఆ శాతం ఏ రూపంలో ఉందో చూసుకోలేదు.

రెండోది ఎండ. ఆ ఫార్ములా 110 గ్రాములు తినే కోడికి వేసినది. ఏప్రిల్ వచ్చేసరికి మా కోళ్లు 92, 93 గ్రాముల దగ్గర ఆగిపోయాయి. కోడికి చెమట పట్టదు. వేడి తగ్గించుకోవడానికి నోరు తెరిచి రొప్పడమే దానికున్న ముఖ్యమైన దారి, పైగా తిన్న మేత అరిగేటప్పుడు పుట్టే వేడిని తప్పించుకోవడానికి మేతనే తగ్గిస్తుంది. అప్పుడు అదే 4 శాతం దాణాతో అందేది 3.7 గ్రాములే. దీనికి తోడు, అదేపనిగా రొప్పినప్పుడు రక్తంలోని బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటికి పోతుంది. పెంకు అంటే కాల్షియం కార్బొనేట్ కాబట్టి కాల్షియం ఉన్నా దానికి జతకూడవలసిన రెండో సరుకు తగ్గి పెంకు పలచబడుతుంది. వేసవిలో దాణాలో వంట సోడా కలపడం ఇందుకే. పాతవాళ్లు మంత్రంలా చేసే ఈ పనికి ఇంత రసాయన శాస్త్రం ఉందని నాకు చాలా కాలం తెలియదు.

కింద పడిన 11 కోళ్లను పంజరాల్లోంచి తీసి వరిపొట్టు పరిచిన నేల మీద వదిలి, నోటికందేలా నీళ్లు, దాణా, విడిగా ఒక పళ్లెంలో గుల్ల ముక్కలు పెట్టాము. అవి మొక్కజొన్నను వదిలేసి ముందు గుల్లనే ఏరుకుని తిన్నాయి. ఏడు లేచి నిలబడ్డాయి, నాలుగు పోయాయి. అప్పటినుంచి మా దాణాలో వేసే సున్నపురాయిలో మూడింట రెండు వంతులు గ్రిట్‌గా, ఒక వంతు పొడిగా కలుపుతున్నాము, మేతలో పెద్ద వాటాను సాయంత్రానికి మార్చాము, వేసవి ఫార్ములాను కోడి నిజంగా తినే గ్రాముల మీద వేయిస్తున్నాము. అందుకోసం వారానికి ఒక రోజు తొట్లలో వేసినది, మిగిలినది తూకం వేస్తాము. 6,000 కోళ్ల షెడ్డులో ఇది గంటన్నర పని. కాల్షియం ఒక్కటే పోస్తే ఎముక కట్టదని, భాస్వరం, విటమిన్ డి3 కూడా సరిపడా ఉండాలని, తవుడులో ఉన్న భాస్వరంలో ఎక్కువ భాగం కోడికి అరగని రూపంలో ఉంటుందని ప్రతి ఫార్ములా వేసేవారికీ తెలుసు కాబట్టి అక్కడ ఆగను.

మాంసకృత్తుల లోటు వేరే రకంగా బయటపడుతుంది. కాల్షియానికి ఎముక అనే బొక్కసం ఉంది. మాంసకృత్తులకు అంతటి నిల్వ కోడి ఒంట్లో లేదు. అందుకని అక్కడ గుడ్ల సంఖ్య కంటే ముందు గుడ్డు పరిమాణం తగ్గుతుంది. 2021లో సోయా చెక్క ధర చుక్కలనంటిన సంగతి కోళ్లవాళ్లెవరూ మరచిపోలేదు. ఆ ఏడాది ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి అనుమతి ఇచ్చేదాకా పోయింది వ్యవహారం. ఆ నెలల్లో నేను సోయాలో కొంత తగ్గించి పొద్దుతిరుగుడు చెక్క వేయించాను. మొత్తం మాంసకృత్తుల శాతం 17 దగ్గరే నిలిచింది. కానీ గుడ్డుకు కావలసింది మాంసకృత్తుల మొత్తం కాదు, అందులోని మెథియోనిన్, లైసిన్ వంటి విడివిడి అమైనో ఆమ్లాలు; పొద్దుతిరుగుడు చెక్కలో లైసిన్ తక్కువ, పీచు ఎక్కువ. మూడు వారాల్లో ట్రేల సంఖ్య పెద్దగా మారలేదు గానీ, 30 గుడ్ల ట్రే తూకం వంద గ్రాములు పడిపోయింది. వ్యాపారి ముందుగా పట్టుకున్నాడు, నేను కాదు. గుడ్డు లెక్కన అమ్ముకునే మనం తూకం వేయకపోవడం వల్ల వచ్చే అజాగ్రత్త ఇది. ఇప్పుడు ప్రతి సోమవారం ఏవో పది ట్రేలు కాటా మీద పెడతాము.

దాణాలో ఏముందన్నది ఎంత ముఖ్యమో, అది ప్రతి కోడి నోటికీ ఒకేలా చేరిందా అన్నదీ అంతే ముఖ్యం. కోడికి పళ్లు లేవు, ముక్కుతో ఏరుకుని తింటుంది, పెద్ద గింజ ముక్క కనిపిస్తే దాన్నే ముందు పొడుస్తుంది. మొక్కజొన్న మరీ ముతకగా ఆడిస్తే బలమైన కోళ్లు నూకంతా ఏరుకుంటాయి, బెదురు కోళ్లకు అడుగున పిండి మిగులుతుంది. ఆ పిండిలోనే విటమిన్ల మిశ్రమం, ఉప్పు, మెథియోనిన్ ఉంటాయి. ఒకరికి అన్నం, ఒకరికి కూర వడ్డించినట్లన్న మాట. మధ్యాహ్నం ఒక పూట తొట్లు ఖాళీ అయ్యేదాకా కొత్త మేత వేయకుండా ఆపితే ఆ పిండి కూడా తింటాయి. ఖర్చు లేని పని ఇది, అయినా కూలీ మనిషికి ఇది అర్థమయ్యేలా చెప్పడానికి నాకు ఒక బ్యాచ్ కాలం పట్టింది, ఎందుకంటే తొట్టి నిండుగా ఉండడమే మంచి యజమాని గుర్తు అని అతని నమ్మకం.

అన్నిటికంటే నేను భయపడేది బూజు విషానికి. ఖరీఫ్ మొక్కజొన్న చేతికొచ్చే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వానలు తగులుతాయి, సరిగా ఆరని గింజ బస్తాలో వేడెక్కుతుంది, ఆ వేడి తడిలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పెరిగి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. ఈ విషం సంగతి ప్రపంచానికి తెలిసింది కూడా కోళ్ల దగ్గరి చుట్టాల వల్లనే: 1960లో ఇంగ్లండులో వేరుశనగ చెక్క కలిసిన దాణా తిని లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు చనిపోయినప్పుడు కారణం వెతుకుతూ దీన్ని పట్టుకున్నారు. కొద్ది మోతాదులో అది కోడిని చంపదు. కార్జాన్ని పాడుచేసి, రోగనిరోధక శక్తిని దించి, వేసిన టీకాలు సరిగా పనిచేయకుండా చేస్తుంది. చచ్చిన కోడిని కోసినప్పుడు ముదురు ఎరుపులో ఉండవలసిన కార్జం పాలిపోయి పసుపు తిరిగి, వేలితో నొక్కితే చితికిపోతే నాకు మొదట గుర్తుకొచ్చేది మొక్కజొన్న బస్తాలే. విషాన్ని కట్టిపడేసే మందులు కలుపుతాము గానీ అవి తడిసిన గింజను మంచి గింజ చేయలేవు. తేమ 13 శాతం దాటిన లారీని వెనక్కి పంపడం ఒక్కటే నాకు తెలిసిన గట్టి మందు. తేమ కొలిచే మీటరు కొనక ముందు మా నాన్న గింజను పంటి కింద పెట్టి కొరికేవారు. పటుక్కుమంటే దించమనేవారు, మెత్తగా నలిగితే తిప్పి పంపేవారు. మీటరుకూ ఆయన పంటికీ ఎప్పుడూ పెద్ద తేడా రాలేదు.

విటమిన్ల మిశ్రమాన్ని టన్నుకు గ్రాముల లెక్కన వేస్తాము కాబట్టి, చేయి బిగపట్టవలసి వచ్చినప్పుడు అందరికీ మొదట కనిపించే కోత అదే. అటువంటి వారికి నేను బటేవియా కోళ్ల కథ చెబుతుంటాను. 1890లలో, ఇప్పటి జకార్తా అయిన ఆ ఊళ్లో, క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు బెరిబెరి జబ్బుకు కారణమైన క్రిమి కోసం వెతుకుతూ కోళ్లను పెంచేవాడు. ఆసుపత్రి వంటశాలలో మిగిలిన తెల్లటి మరబియ్యపు అన్నం తిన్నన్నాళ్లు ఆ కోళ్లకు కాళ్లు పడిపోయాయి. కొత్తగా వచ్చిన వంటవాడు సైనికుల బియ్యం కోళ్లకెందుకని ఆపేసి ముడిబియ్యం పెట్టించగానే అవి లేచి తిరిగాయి. తౌడు పొరలో ఉన్నదేదో ఆ తేడాకు కారణమని తేలి, విటమిన్ల శాస్త్రానికి అదే దారి చూపింది, 1929లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. తెల్లటి మరబియ్యం తినే మన ఉత్తర సర్కారు జిల్లాల్లోనూ ఆ రోజుల్లో బెరిబెరి ఉండేది. చిటికెడు పదార్థం లేక కోడి కాళ్లు పడిపోగలవని తెలిసి నూరేళ్లు దాటింది, మనం ఇంకా ఆ చిటికెడు దగ్గరే పొదుపు చేస్తున్నాము.

ఇంటి దగ్గర పెరట్లో పది కోళ్లు పెంచేవారు ఒక మాట అడుగుతుంటారు: పెట్టలకు వేసే లేయర్ దాణానే పిల్లలకూ వేయవచ్చునా అని. వేయకూడదు. గుడ్డుకు రాని పిల్లకు ఒక శాతం కాల్షియం చాలు, నాలుగు శాతం వేస్తే ఆ భారమంతా మూత్రపిండాల మీద పడుతుంది. కోసి చూస్తే అవి ఉబ్బి, సుద్ద పూసినట్లు తెల్లగా ఉంటాయి. 16వ వారం దాటి జుట్టు ఎర్రబడడం మొదలయ్యాక రెండు, రెండున్నర శాతానికి పెంచి, మొదటి గుడ్లు కనిపించగానే పూర్తి దాణాకు మారడం పద్ధతి. ఎముకలో ఆ నిల్వ పొర కట్టుకునేది మొదటి గుడ్డుకు ముందటి ఆ రెండు వారాల్లోనే.

పచ్చసొన రంగు గురించి కూడా చెప్పి తీరాలి, ఎందుకంటే దాణా మీద జనానికి ఉన్న ఏకైక అభిప్రాయం అదే. సొన ఎర్రగా ఉంటే బలమైన గుడ్డని, పాలిపోయి ఉంటే మందుల గుడ్డని అనుకుంటారు. మొక్కజొన్న పిరమై మేము నూకలు ఎక్కువ వేసిన నెలల్లో సొన వెలవెలబోతుంది, ఎందుకంటే బియ్యంలో పసుపు రంగు పదార్థం లేదు. బంతిపూల సారం చారెడు కలిపితే మళ్లీ నిమ్మపండు రంగు తిరుగుతుంది. రెండు గుడ్లలోనూ మాంసకృత్తులు దాదాపు ఒకటే. పెంకు గోధుమ రంగులో ఉండడానికైతే దాణాతో సంబంధమే లేదు, అది జాతి.

ఇప్పుడున్న బ్యాచ్ 61వ వారంలో ఉంది. ఉత్పత్తి 86 శాతం, చిట్లిన గుడ్లు నిరుటి బ్యాచ్ ఇదే వయసులో ఉన్నప్పటికంటే తక్కువ. నెలకోసారి ఏవో 20 కోళ్లను ఎత్తి తూకం వేసి రొమ్ము ఎముక తడుముతాము. పోయిన ఆదివారం రెండింటికి కొద్దిగా వంకర తగిలింది. గ్రిట్ వాటా మరి కాస్త పెంచి, వచ్చే నెల ఆ వరుసనే మళ్లీ చూడాలని పుస్తకంలో రాసుకున్నాను.