కృతజ్ఞత మీద మీటింగు నడిపిన శనివారం

నలుగురిలో మాట్లాడటం నేర్చుకునే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులో చేరిన ఎనిమిదో నెలలో నాకు మొదటిసారి టీఎంఓడీ రోల్ వచ్చింది. అంటే టోస్ట్‌మాస్టర్ ఆఫ్ ద డే, ఆ రోజు మీటింగు మొత్తం నడిపించే మనిషి. థీమ్ ఎంచుకోవాలి, ప్రతి రోల్‌కీ ఒకరిని ఒప్పించాలి, ఎజెండా తయారు చేయాలి, ఒక్కొక్కరినీ పరిచయం చేసి స్టేజి మీదికి పిలవాలి. అప్పటిదాకా నేను చేసినవి టైమర్ రెండుసార్లు, 'ఆ-కౌంటర్' ఒకసారి (మాటల మధ్య దొర్లే "ఆ... అమ్... సో"లు లెక్కపెట్టే పని అది), ఒక ఐస్‌బ్రేకర్ ప్రసంగం (కొత్తగా చేరినవాళ్లు తమను పరిచయం చేసుకునే మొదటి ప్రసంగం). తెలుగు మీడియంలో చదివి, హైదరాబాద్‌లో ఇరవై ఏళ్లకు పైగా అకౌంట్స్ పని చేస్తూ, ఆఫీసు మీటింగుల్లో నోరు విప్పకుండా నెట్టుకొచ్చిన నాకు గంటన్నర సేపు ఇంగ్లీషులో సభ నడపడమంటే చాలా టెన్షన్.

థీమ్ మాత్రం వెంటనే తోచింది. నవంబరు నెల, ఏడాది ముగింపుకొస్తోంది. కృతజ్ఞత అని పెట్టాను. తేలిగ్గా ఉంటుందనుకున్నాను. అక్కడే కష్టం మొదలైంది.

మా క్లబ్బులో ఒక అలవాటు ఉంది. రోల్ తీసుకున్న వాళ్లందరికీ టీఎంఓడీ ముందుగా ఒక ప్రశ్న పంపిస్తారు, వచ్చిన జవాబుతోనే వాళ్లను పరిచయం చేస్తారు. "మీరు ఇప్పటిదాకా థ్యాంక్స్ చెప్పలేకపోయిన మనిషి ఎవరు?" అని మంగళవారం వాట్సాప్‌లో పంపాను. బుధవారానికి జవాబులొచ్చాయి. అమ్మానాన్నలు. మా టీచర్లు. దేవుడు. మళ్లీ అమ్మ. నిజమే, ఎవరినీ తప్పు పట్టలేం. కానీ ఎనిమిది మందిని ఒకే వాక్యంతో ఎలా పరిచయం చేయను?

ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. మన ఇళ్లలో థ్యాంక్స్ చెప్పడం అనేదే లేదు కదా. అమ్మ అన్నం వడ్డిస్తే ధన్యవాదాలు అంటామా? అంటే ఏదో పరాయివాళ్లలా మాట్లాడుతున్నాడని ఆవిడ బాధపడుతుంది. మేలు చేసినవాళ్లను "చల్లగా ఉండు నాయనా" అంటారు పెద్దవాళ్లు. "పుణ్యం కట్టుకున్నావు" అంటారు. వయసులో చిన్నవాళ్లమైతే ఏమీ అనం, మనసులో పెట్టుకుంటాం. అలా పెట్టుకుని పెట్టుకుని, చివరికి ఎవరు ఏం చేశారో వివరాలు కూడా మరిచిపోతాం. కృతజ్ఞత అనే మాటకు అసలు అర్థం చేసిన మేలు ఎరిగి ఉండటం. ఎరగాలంటే వివరం ఉండాలి.

గురువారం మళ్లీ మెసేజ్ పెట్టాను. "ఒక్క రోజు, ఒక్క మనిషి, వాళ్లు చేసిన ఒక్క పని చెప్పండి చాలు."

ఈసారి వచ్చినవి చదువుతుంటే ఆఫీసులో నా కళ్లు చెమర్చాయి. ఆ రోజు మా టైమర్‌గా ఉండాల్సిన అమ్మాయి ప్రసవమయ్యాక ఆసుపత్రిలో ఒంటరిగా ఉంటే, పక్క మంచం ఆవిడ తల్లి ఫ్లాస్కులోంచి వేడి పాలు పోసి ఇచ్చి, తాగేదాకా కదల్లేదట. భాష వాడకం గమనించే గ్రామేరియన్‌కి హాస్టల్లో పరీక్షల ముందు రాత్రి కరెంటు పోతే వాచ్‌మన్ తన టార్చిలైటు ఇచ్చేసి చీకట్లో కూర్చున్నాడట. ఎనిమిది నెలలుగా ప్రతి శనివారం చూస్తున్న మనుషులే. వాళ్ల గురించి నాకేమీ తెలియదని అప్పుడే అర్థమైంది.

శనివారం మధ్యాహ్నం రెండింటికి ఒక స్పీకర్ ఫోన్ చేశారు. పాపకు జ్వరం, రాలేనన్నారు. ఎజెండాలో ఏడు నిమిషాల ప్రసంగం ఎగిరిపోయింది, దాని మీద మాట్లాడాల్సిన ఎవాల్యుయేటర్‌కీ పని లేకుండా పోయింది. క్లబ్బు కార్యక్రమాల ప్రణాళిక చూసే వీపీ ఎడ్యుకేషన్‌గా ఉన్న మేడమ్‌కి ఫోన్ చేస్తే ఆవిడ నెమ్మదిగా, "కంగారు పడకండి, ఆ టైమ్ టేబుల్ టాపిక్స్‌కి ఇచ్చేయండి, గెస్టులు కూడా వస్తున్నారు" అన్నారు. అప్పటికప్పుడు ఇచ్చిన ప్రశ్న మీద మాట్లాడే భాగం అది. నిజంగా ఆ మాటే ఆ రోజు సభను నిలబెట్టింది.

మీటింగు మొదట్లో రెండు నిమిషాలు థీమ్ గురించి నేను మాట్లాడాలి. నేను చెప్పింది తెనాలి సంగతి. 2001లో మా ఇంట్లో ఫోను లేదు. బయోడేటాలో వీధి చివర కిరాణా కొట్టు వాళ్ల నంబరు రాసి, పక్కన పి.పి. (ఫోను మాది కాదు, పిలిచి ఇస్తారని గుర్తు) అని పెట్టేవాణ్ణి. హైదరాబాద్‌లో ఒక కంపెనీ నుంచి ఇంటర్వ్యూకి పిలుపు ఆ ఫోనుకే వచ్చింది. కొట్టు మామ్మగారు మే నెల ఎండలో మా ఇంటిదాకా నడిచొచ్చి, "అబ్బాయ్, పది నిమిషాల్లో మళ్లీ చేస్తారంట, రా" అని పిలిచారు. ఆ ఉద్యోగంతోనే నా జీవితం మొదలైంది. గొంతు రెండుసార్లు వణికింది కానీ ఆగలేదు.

తరవాతదంతా అలవాటైన వరసలో నడిచింది. ఒకరికొకరం చేతులు కలిపి స్టేజి అప్పగించుకోవడం, లెక్టర్న్ (మాట్లాడేవాళ్లు నిలబడే బల్ల) దగ్గర ఎవరూ లేకుండా ఒక్క క్షణం కూడా వదలకపోవడం. ఇవి చిన్న విషయాల్లా కనిపిస్తాయి కానీ, కొత్తగా మాట్లాడేవాళ్లకు ఆ చెయ్యి ఎంత ధైర్యమో నాకు తెలుసు.

టేబుల్ టాపిక్స్‌లో ఏ తయారీ లేకుండా ఒకటి నుంచి రెండు నిమిషాలు మాట్లాడాలి. నిమిషానికి ఆకుపచ్చ కార్డు, నిమిషంన్నరకు పసుపు, రెండు నిమిషాలకు ఎరుపు. యాభై దాటిన ఒక గెస్ట్ లేచారు. ఆయనకు వచ్చిన ప్రశ్న, "పేరు తెలియని మనిషికి థ్యాంక్స్ చెప్పాలంటే ఎవరికి చెప్తారు?" ఆయన కాసేపు నిలబడి, "తెలుగులో చెప్పొచ్చా అండీ?" అని అడిగారు. మా మీటింగులు ఇంగ్లీషులోనే జరుగుతాయి. ప్రశ్నలు అడిగే టాపిక్స్ మాస్టర్ నా వైపు చూశారు. చెప్పండి సార్ అన్నాను.

డిగ్రీ పరీక్షకు ఆర్టీసీ బస్సులో వెళ్తుంటే ఆయన పర్సు పోయిందట. కండక్టర్ దింపేయలేదు, తన జేబులోంచి డబ్బులు వేసి టికెట్ కొట్టి చేతిలో పెట్టి, "పరీక్ష బాగా రాయి తమ్ముడూ" అన్నాడట. "ఆ టికెట్ చాలా రోజులు పుస్తకంలో దాచుకున్నానండీ, ఇల్లు మారినప్పుడు పోయింది" అని కూర్చున్నారు. అప్పటికి పసుపు కార్డు పడింది. గదిలో చప్పట్లు కొట్టడానికి కూడా ఎవరికీ వెంటనే చెయ్యి లేవలేదు. ఆ రోజు బెస్ట్ టేబుల్ టాపిక్స్ స్పీకర్‌గా అందరం ఆయనకే ఓటేశాం.

ఒక్క విషయం ఇక్కడ చెప్పాలి. ప్రసంగం చివర థ్యాంక్యూ అనొద్దని చాలా క్లబ్బుల్లో సీనియర్లు నేర్పుతారు. మాట్లాడినవాళ్లు ఏదో ఇచ్చి వెళ్తున్నారు, థ్యాంక్స్ చెప్పాల్సింది విన్నవాళ్లని వాళ్ల భావం. చేరిన కొత్తలో ఇది నాకు నచ్చలేదు. కండక్టర్ కథ విన్న రోజు మాత్రం ఒప్పుకున్నాను.

చివర మీటింగు మొత్తం ఎలా నడిచిందో చెప్పే జనరల్ ఎవాల్యుయేటర్ లేచి, సమయం బాగా పాటించామన్నారు, ఎజెండా మార్పు బాగా సర్దామన్నారు. తరవాత నా వైపు తిరిగి, "మీ తెనాలి కథలో ఫోను కనబడింది, ఉద్యోగం కనబడింది. ఆ మామ్మగారు కనబడలేదు" అన్నారు. టోస్ట్‌మాస్టర్స్‌లో విమర్శ ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. 1924లో రాల్ఫ్ స్మెడ్లీ కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో మొదటి క్లబ్బు పెట్టినప్పటి నుంచి మాట్లాడటంతో పాటు ఎదుటివాళ్ల మాటను తూచి చెప్పడం కూడా ఇందులో భాగమే. కానీ ఆ మెత్తని మాట నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. అందరినీ ఒక్క పని, ఒక్క వివరం అని అడిగినవాణ్ణి, ఆవిడ మొహం కూడా గుర్తు చేసుకోకుండా రెండు నిమిషాలు మాట్లాడాను.

సంక్రాంతికి తెనాలి వెళ్లినప్పుడు ఆ వీధికి వెళ్లాను. కొట్టు ఇప్పుడు మనవడు నడుపుతున్నాడు. మామ్మగారు లోపల మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తున్నారు. చేతి సంచిలో తెచ్చిన పళ్లు పక్కన పెట్టి ఎవరినో చెప్పాను. నన్ను గుర్తుపట్టారు కానీ ఆ ఫోను సంగతి గుర్తు లేదు. "రోజుకి పది ఫోన్లొచ్చేవి నాయనా" అన్నారు.

నేను మొదటి నుంచీ చెప్పాను. మే నెల, మధ్యాహ్నం, చెప్పులు లేకుండా వచ్చారనీ, మా గుమ్మం దగ్గర చెంగుతో మొహం తుడుచుకున్నారనీ, మా అమ్మ మంచినీళ్లిస్తే తాగకుండానే వెనక్కి తిరిగారనీ. ఆవిడ చిక్కుడుకాయ చేతిలోనే పట్టుకుని విన్నారు.

"అయితే ఆ వేళ కొట్టు ఎవరికి వదిలేసి వచ్చానంటావ్?" అన్నారు.