నార్మల్ అంటే ఏ ఏడు లెక్క?

కెన్యాకు వచ్చి మూడేండ్లైతాంది. పని ఏందంటే చిన్న రైతులకు ఫోన్ల వాతావరణం మెసేజ్‌లు పంపే సర్వీస్ డిజైన్ చేసుడు. నర్సంపేట దిక్కు పత్తి చేన్లల్ల పెరిగినోన్ని, రైతుకు ఏం గావాల్నో నాకు ఎరికేలే అనుకుని వచ్చిన, కిటుయి అనే జాగల మొదటి మీటింగ్‌లనే గీర దిగింది.

అక్కడ అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడే వానల మీదనే ఎక్కువ ఆశ, మక్కలు, బొబ్బర్లు, పెసర్లు పెడ్తరు (పెసర్లను ఎన్‌డెంగు అంటరు, కూర వండి చపాతీల తింటరు, నాకైతే పానం లేచొచ్చింది). మేం "నార్మల్ కంటే తక్కువ వాన పడే అవకాశం 50 శాతం" అని రాసుకపోయినం, నార్మల్ అంటే మా లెక్కల చాన ఏండ్ల సగటు. ఒక పెద్దమ్మ లేచి నార్మల్ అంటే ఏ ఏడు లెక్క అన్నది. ఇంకొకామె, ఫోన్ మా ఆయన జేబుల ఉంటది, ఆయన పొద్దంత మార్కెట్‌ల ఉంటడు, మీరు పదింటికి పంపితే నాకేం తెలుస్తది అన్నది. ఆఫీస్‌ల అన్ని స్లైడ్లు చేసినం, ఇది ఒక్కలకు తట్టలే.

ఇగ పది మక్క గింజలు నేల మీద పెట్టినం. ఇసొంటి ఏండ్లు పది వస్తే ఐదేండ్లు తక్కువ, మూడేండ్లు మామూలు, రెండేండ్లు ఎక్కువ, మరి ఎంత భూమిల ఏం పెడ్తరు? గంటసేపు కొట్లాడుకున్నరు, ఆఖరికి మక్కలు తగ్గించి పెసర్లు పెంచిన్రు. ఇదంత ఎస్సెమ్మెస్‌ల ఇరికియ్యాలంటే 160 అక్షరాలే, స్వాహిలికి ఇంగ్లిష్ లిపే కాబట్టి ఎట్లనో సరిపోతది, తెలుగైతే 70కే ఖతం, అండ్ల గుడింతాలు వత్తులు గూడ లెక్కకొస్తయి.

మొన్న మిరుగుల బాపు ఫోన్ చేసిండు. "మోస్తరు వాన అని మెసేజ్ వచ్చింది, గింజలు పెట్టాల్నా వద్దా అది చెప్పరా." నల్లరేగడిల 60–75 మిల్లీమీటర్లు పడ్డంకనే పత్తి పెట్టాలె అంటరు గదా, ఫోర్‌కాస్ట్ చూస్తే ముంగట వారం ఎండే కొడ్తాంది, ఆగు బాపు అన్న. ఆగితే అదును పోతది, పెడ్తే గింజ మాడుతది అని గులుగుకుంట పెట్టేసిండు.

తెల్లారి అమ్మను అడిగితే చెప్పింది, రెండెకరాలు పెట్టిండట, రెండెకరాలు నా మాట మీద ఆపిండట.